యూరపు ప్రయాణమున చిప్పు కార్డు

గడచిన వేసవిలో మేము మా మరిదిగారిని జూచుటకు జర్మనీ దేశమునకు బోయి, స్టుట్‌గార్టు నగరమున వారియింట నుండి, నడుమ స్విట్జర్లాండులోని రైను జలపాతమును, ఫ్రాన్సు రాజధానియగు పారిసును జూచి, ఇరువదిరెండు దినములకు తిరిగి కరీంనగరము చేరితిమి. వచ్చినది మొదలు మా మంకమ్మతోటలోని సోదరీమణులు మమ్ము ప్రశ్నించుచునే యున్నారు. ఐఫెలు గోపుర మెంత యెత్తని యడిగినవారు ఇద్దరు ముగ్గురే. “అక్కడ పైస లెట్ల కట్టిండ్రు?” అని యడుగనివారు లేరు. చలి యెట్లు, వంట యెట్లు అను ప్రశ్నలు దాని తరువాతనే. ఇది సహజమే. కరీంనగరము, జగిత్యాల, నిర్మల్, ఆదిలాబాదు ప్రాంతములనుండి పై చదువులకు జర్మనీకి పోవు పిల్లలు నేడు పెక్కుమంది గలరు. వారిని జూడ తల్లిదండ్రులును పోవుచున్నారు. కావున మేము చూచినదానిలో డబ్బునకు సంబంధించినంతవరకే యిందు వ్రాయుచున్నాము. కోటలను గూర్చియు చిత్రశాలలను గూర్చియు వ్రాయువారు వేరుగ గలరు.

ఒక రాజ్యపు నాణెము మరియొక రాజ్యమున చెల్లకుండుట మన ప్రాంతమువారికి క్రొత్త కాదు. నిజాము రాజ్యమున హాలీ సిక్కా, పొరుగున ఇంగ్లీషువారి యేలుబడిలో కల్దారు రూపాయి చెల్లుచుండెను. మావారి బాపమ్మది ఆసిఫాబాదు. చైత్రమాసమున ఆ వైపువారు చాందా మహాకాళి జాతరకు పోవుట ఆచారము, నేటికిని పోవుచున్నారు. చాందా ఆనాడు ఇంగ్లీషువారి సెంట్రలు ప్రావిన్సులలోనిది. హాలీ రూపాయలు 7 ఇచ్చినచో కల్దారులు 6 వచ్చునని లెక్క. అయినను జాతరకాలమున షరాబు తన వట్టము తాను తీసికొనక విడువడు. బాపమ్మ చిన్ననాట తల్లివెంట పోయి, ఆమె కొంగుముడి విప్పి రూపాయలు లెక్కించుటయు, షరాబు ఒక్కొక్కదానిని రాతిపై మ్రోగించి చూచుటయు కన్నులార చూచినది. కాలము చేయువరకు మాకా ముచ్చట చెప్పుచునే యుండెడిది. హాలీ సిక్కా 1959 వరకు చెలామణిలో నుండి పిదప పోయినది. వట్టము మాత్రము పోలేదు. అది యిప్పుడు కార్డులోనికి ప్రవేశించినది. ఆ సంగతి ముందు చెప్పెదము.

ప్రయాణపు మాట తేలినపుడు మావారు, “నా క్రెడిట్ కార్డున్నది గదా, చాలును” అనిరి. కార్డనగానే మా అత్తగారు నొసలు చిట్లించిరి. దానిలో చిప్పున్నదని మా అమ్మాయి చెప్పబోగా, “అప్పు కార్డట, దాంట్ల చిప్పట! ఆఖరికి చేతికి చిప్పనే వస్తది బిడ్డా” అనిరి. ఇంటిల్లిపాది నవ్వితిమి గాని, ఆమె మాటలో సారము లేకపోలేదు. క్రెడిట్ కార్డు అప్పే. గడువులోపల మొత్తము తీర్చినచో వడ్డీ లేదు. గడువు దాటినచో మన లెక్కలో నూటికి నెలకు మూడు, మూడున్నర రూపాయల వడ్డీ పడుచుండును. కావున పరదేశమున గీచిన ప్రతి రూకకును ఇంటివద్ద సొమ్ము సిద్ధముగ నుండవలయును.

మావారి కార్డు వారియొద్ద నుండగా, మా పేర వేరొకటి యుండవలయునని మేము పట్టుబట్టితిమి. బ్యాంకులోని యువకుడు మంచివాడే. “సారు కార్డుకు తోడుకార్డు ఇస్తాము, మేడంగారికి వేరే యెందుకు?” అనెను. తోడుకార్డనగా పెద్దకార్డు ఖాతామీదనే నడచునది. ఒక బావికి రెండు చేదలు వేసినట్లు. బావి మూసినచో రెండు చేదలును వట్టివే. మా వివాహకాలమున మా తండ్రిగా రిచ్చిన సొమ్ము మా పేరనే డిపాజిట్టుగ నున్నది. మా తండ్రిగారు పిల్లలకు కావ్యములతో పాటు మితాక్షరలోని దాయభాగమును గూడ చెప్పిన మనిషి. స్త్రీధన మనగా పెట్టెలో దాచిన నగ మాత్రమే కాదనియు, దానిపై పెత్తనము ఆ స్త్రీదే యనియు మాకు పదునాలుగవ యేటనే తెలియును. జీతము లేనివారికైనను డిపాజిట్టును హామీగ నుంచుకొని, దాని విలువలో కొంత మేరకు కార్డిచ్చు పద్ధతి యిప్పుడు మన బ్యాంకులలో గలదు. ఆ విధమున మా కార్డు మాకు వచ్చినది. మావారు మొదట చిరునవ్వు నవ్వి యూరకుండిరి.

కార్డు వచ్చినంతనే పరదేశమున పనిచేయదు. 2020 అక్టోబరు 1 నుండి రిజర్వు బ్యాంకువారి నియమమేమనగా, క్రొత్తకార్డు మన దేశములోనే చెల్లునట్లు వచ్చును. విదేశములలో చెల్లుటకు మనమే దానిని తెరువవలయును. ఫోనులోని బ్యాంకు యాపులో ఆ మీట యుండును. రోజుకింతకు మించి ఖర్చు కారాదని హద్దు పెట్టుకొనుటకును అందే వీలున్నది. మేము బయలుదేరుటకు వారము ముందే రెండు కార్డులకును మీట తిప్పి, హద్దు పెట్టి, మన దేశపు సిమ్ము అక్కడ గూడ పలుకునట్లు రోమింగు పెట్టించితిమి. ఈ సిమ్ము మాట ముఖ్యము. రైలు టికెట్టు ఫోనులో కొనునపుడు బ్యాంకు పంపు ఓటీపీ మన దేశపు నంబరుకే వచ్చును. విమానము దిగగానే ఆ సిమ్ము తీసి పెట్టెలో పడవైచి, టికెట్టు కొనలేక తిప్పలు పడినవారిని మే మెరుగుదుము.

ఇక చిప్పన నేమి? పాతకార్డుల వెనుక నల్లని పట్టీ యుండెడిది. అందు వ్రాసిన వ్రాత యెప్పుడును ఒక్కటే. దానిని దొంగ యొకసారి నకలు చేసికొన్న చాలును, మరియొక కార్డు పుట్టును. కంఠస్థము చేసిన యొకేయొక పద్యమును ఎవ రేమడిగినను వల్లించువానివంటిది ఆ పట్టీ. చిప్పు అవధానివంటిది. దుకాణపు యంత్రము ప్రతిసారి క్రొత్త సమస్య నిచ్చును. చిప్పు తనలోని రహస్యమును బయటపెట్టకయే ఆ సమస్యకు తగిన పూరణము అప్పటికప్పుడు చెప్పును. నేటి పూరణమును దొంగ విన్నను రేపటి సమస్యకు అది పనికిరాదు. ఇట్టి కార్డులకు ఫ్రెంచివాడైన రోలాన్ మొరెనో 1974లో పేటెంటు పొందెను. 1992 నాటికే ఫ్రాన్సులోని బ్యాంకుకార్డు లన్నిటికి చిప్పు వచ్చినది. మన దేశమున 2018 చివరికి పట్టీకార్డులను మార్చి చిప్పుకార్డు లిచ్చిరి. ఈ విషయమున అమెరికాయే వెనుకబడినది. అచ్చట చిప్పు బాగుగ వ్యాపించినది 2015 తరువాతనే. మా బంధువొకడు 2012లో అమెరికానుండి పారిసుకు పోగా, స్టేషనులోని టికెట్టు యంత్రము అతని పట్టీకార్డును ఎన్నిమారు లిచ్చినను త్రిప్పికొట్టినదట.

చిప్పుతో పాటు పిన్ను నంబరు గలదు. సుందరకాండము చదివిన సోదరీమణులకు దీనిని వేరుగ వివరింప నక్కరలేదు. సీతమ్మ హనుమంతునికి చూడామణి నొసగి యంతటితో నూరకుండలేదు. తనకును రాముడికిని మాత్రమే తెలిసిన కాకాసురుని వృత్తాంతమును గూడ గుర్తుగ చెప్పి పంపినది. మణి చేతిలోని గుర్తు. కథ మనసులోని గుర్తు. కార్డు మణి, పిన్ను కథ. శకుంతల యొద్ద ఉంగర మొక్కటే యుండెను, అది నీటిలో జారినంతనే ఆమె మాటకు విలువ లేకపోయినది. అక్కడి యంత్రములు చిప్పుతో పాటు ఆ నాలుగంకెల కథ నడుగును. సంతకము చేసెదమన్నను వినుటకు మనుష్యులుండరు. టికెట్లు, పెట్రోలు, బండి నిలుపు చోటుల రుసుములు, అన్నియు నిలువెత్తు యంత్రములే. మూడుమారులు తప్పు అంకెలు నొక్కినచో కార్డు మూగవోవును.

జర్మనీ సంపన్నదేశము గదా, అంతటను కార్డే నడచునని తలంచి పోవువారు ఆశ్చర్యపడుదురు. అచ్చట నోటులకును నాణెములకును ఇంకను గౌరవము చాల గలదు. మా మరిదిగారి యింటి ప్రక్కనున్న రొట్టె దుకాణమున రొక్కమే. కూరగాయల సంతలోను పెక్కుమందికి రొక్కమే. కొన్ని అంగళ్ళలో కార్డు చెల్లునుగాని అది వారి దేశపు బ్యాంకులిచ్చు కార్డై యుండవలయును. మన కార్డునకు అమ్మకపుపిల్ల తల యడ్డముగ నూపును. స్త్రీలకు మరియొక మాట. పెద్ద రైలు స్టేషనులలోను, రహదారి ప్రక్క విడుదులలోను మరుగుదొడ్డికి డబ్బు పెట్టవలయును. అర్ధయూరో, యూరో నాణెములు కొన్ని చిన్నసంచిలో వేరుగ నుంచుకొనుట మేలు.

ఫలహారశాలలలోని పద్ధతి మాకు నచ్చినది. మన యూళ్ళలో కొన్నిచోట్ల కార్డు తీసికొని గల్లా కడకు పోవుదురు. తిరిగివచ్చువరకు మన చూపులు అటే యుండును. అక్కడ యంత్రమే మన బల్లకడకు వచ్చును. చిప్పుకార్డు మన చేతినుండి యంత్రమునకును, యంత్రమునుండి మన చేతికిని వచ్చునే గాని, పరుల చేతిలో పడదు. 50 యూరోల వరకు సాధారణముగ కార్డును తాకించిన చాలును, పిన్ను అడుగదు. అట్లు కొన్నిమారులు తాకించిన తరువాత ఒకమారు తప్పక అడుగును. అది కార్డు చెడినదని కంగారుపడవలసిన పని లేదు.

రైను జలపాతము షాఫ్‌హౌజెను అను నూరి చెంత నున్నది. స్టుట్‌గార్టునుండి ఉదయము పోయి సాయంకాలమునకు రావచ్చును. ఎత్తు 23 మీటర్లు. మన ఆదిలాబాదు కడెము వాగుమీది కుంటాల 45 మీటర్లని చెప్పుదురు గనుక, ఎత్తున మనదాని యందు సగమే. కాని వెడల్పు 150 మీటర్లు. నడివేసవిలోను తగ్గని నీరు. మన కుంటాలను చైత్రమున చూచినవారికి రాతిగోడయే కనబడునని తలచికొని మావారు నిట్టూర్చిరి. మేమందులకు సమ్మతింపలేదు, శ్రావణమున కుంటాల రాళ్ళమీద దూకు దూకు వేరు.

ఆ జలపాతపు టనే మాకు వట్టపు షరాబు మరల కనబడెను. స్విట్జర్లాండున యూరో కాదు, ఫ్రాంకు. అంగడిలో చలికోటు కొని కార్డు పెట్టగా, యంత్రపు తెరమీద రెండు లెక్కలు వచ్చినవి: ఫ్రాంకులలో నొకటి, మన రూపాయలలో నొకటి. రూపాయిని చూడగనే పుట్టినింటివారు కనబడినట్లు ప్రాణము లేచివచ్చును. వ్రేలు దానిమీదికే పోవును. దానిని నొక్కరాదు. రూపాయలలో లెక్కకట్టి చూపునది మన బ్యాంకు కాదు, ఆ దుకాణపు యంత్రము వెనుకనున్న వ్యాపారి. అతడు తన యిష్టము వచ్చిన ధర కట్టి, తన వట్టమును అందే కలుపుకొనును. నూటికి నాలుగైదు రూపాయలు, ఒక్కొక్కచోట అంతకు మించియు పోవుట గలదు. ఆ పైన మన బ్యాంకు సైతము వేరుగ రుసుము గొనవచ్చును. ఏ దేశమున నుందుమో ఆ దేశపు నాణెమునే యెన్నుకొనవలయును. బాపమ్మ తల్లి చాందాలో చేసినదియు నిదియే. షరాబు దగ్గర వట్టమిచ్చి కల్దారు తీసికొనెనే గాని, గాజులమ్మువాడు హాలీలోనే యిమ్మని చెప్పిన తియ్యని ధరకు లొంగలేదట.

మన బ్యాంకు తీయు వట్టము నెరిగియుండుట మంచిది. కార్డును బట్టి నూటికి 2 మొదలు 3.5 వరకు నుండుట సాధారణము. దానిపై నూటికి 18 చొప్పున పన్ను. లెక్కకు సులువుగ నుండుటకు యూరో 100 రూపాయలనుకొందము. 100 యూరోల వస్తువు కొనిన 10,000 రూపాయలు, వట్టము 350, ఆ వట్టముమీద పన్ను 63. వెరసి 10,413. కొన్ని కార్డులకు ఈ వట్టము లేనేలేదు; తీసికొనుటకు ముందు అడుగవలయును. క్రెడిట్ కార్డు పెట్టి ఏటీఎంలో రొక్కము తీయుట మాత్రము దుబారా. రుసుము వేరు, తీసిన దినము నుండియే వడ్డీ వేరు. రొక్కమునకు డెబిట్ కార్డు గాని, బయలుదేరకముందే యూరోలు నింపి యిచ్చు ఫారెక్సు కార్డు గాని, ఇక్కడ కొనిన నోటులు గాని వాడుకొనవలయును.

పారిసున మూడు దినములుంటిమి. ఐఫెలు గోపురమువద్ద 2024 ఫిబ్రవరి నుండి మన యూపీఐతో టికెట్టు కొనుటకు వీలు గలిగినది. ఈ వార్త విని పారిసంతయు యూపీఐ యని తలంపరాదు. గోపురపు నీడ దాటిన పిమ్మట రొట్టెకును రైలుకును కార్డే గతి.

రెండవ దినమున నగరపు పొలిమేరలో నొక తోటను జూచి, చీకటిపడు వేళకు చిన్న స్టేషనునకు వచ్చితిమి. వేసవిలో అచ్చట చీకటిపడుట యనగా రాత్రి పదిగంటలు. టికెట్టు గది మూసియున్నది. మనుష్యు డొక్కడును లేడు. ఉన్నది యంత్రము. అది నాణెములను, కార్డులను దప్ప నోటులను గైకొనదు. మా యొద్ద నున్నవి రెండు 50 యూరోల నోటులు, చిల్లరగ నాలుగు యూరోలు. మావారు కార్డు పెట్టి పిన్ను నొక్కిరి. చెల్లింపు నిరాకరింపబడినదని తెరమీద వచ్చెను. రెండవ యంత్రముకడకు పోయిరి. అక్కడను నిట్లే. ఫోను చూడగా బ్యాంకు సందేశము: పరదేశమున ఖర్చు జరుగుచున్నది, మీరేనా యని సందేహించి కార్డును నిలిపితిమి, ఈ నంబరునకు పలుకుడు అని. పలికితిమి. సంగీతము వినిపించిరి. మా అమ్మాయి నిద్రమత్తున మా భుజముపై వాలినది. వెనుక నిలిచిన యిద్దరు ముగ్గురు తమ టికెట్లు తీసికొని పోయిరి. బండి వచ్చుటకు ఆరు నిమిషములున్నదని బోర్డున కనబడుచుండెను. దాని తరువాతి బండి గంటకు గాని లేదు. టికెట్టు లేక యెక్కిన జరిమానా. ఊరు క్రొత్త, భాష రాదు.

అప్పుడు మేము మా సంచిలోని కార్డు తీసి యంత్రమున పెట్టితిమి. అది పిన్ను అడిగెను. ఆ నాలుగంకెలు ఎవ్వరి నడిగి తెలిసికొనవలసిన పని లేదు, కాగితమున వెదుకవలసిన పని లేదు. నొక్కితిమి. మూడు టికెట్లు టపటప రాలినవి. మావారు సంగీతమును ఆపి, అమ్మాయి నెత్తుకొని మెట్లెక్కిరి. బండిలో కూర్చుండిన పిమ్మట చాలసేపటికి, “నీ కార్డు వేరే బ్యాంకుది గదా?” అని మాత్ర మడిగిరి. వేరే బ్యాంకుదే. మరునాటి యుదయము వారి కార్డు, పదిప్రశ్నల కుత్తరములు చెప్పిన మీదట తెరచిరి. దొంగలనుండి మనలను కాచుటకే బ్యాంకులు ఈ యేర్పాటు చేసినవి, దానిని తప్పనము. కాని కాపలాకుక్క యజమానిని గూడ నొక్కొకప్పుడు అడ్డగించును గదా. ఆ దినము మొదలు ఒక కార్డు వారి చొక్కాలోపలి జేబున, ఒకటి మా నడుమున కట్టిన సంచిలో నుండెను. పారిసు భూగర్భ రైళ్ళలో జేబుదొంగలు మెండు గనుక, రెంటిని ఒకే సంచిలో నుంచుట యెన్నటికిని తగదు.

ఆ రాత్రి బండిలో మాకు జ్ఞాపకము వచ్చినది జగిత్యాల బస్టాండు దగ్గరి ఏటీఎం. ఆ ప్రాంతమున గల్ఫు దేశములకు బోయిన మగవా రెందరో గలరు. వారు చెమటోడ్చి పంపు సొమ్ము భార్యల ఖాతాలలో పడును. నెల మొదట ఆ యాడువారు వరుసగ నిలువబడి, తమ వంతు రాగానే కార్డును వెనుకవానికో, కాపలావానికో యిచ్చి, పిన్ను నంబరు బిగ్గరగ చెప్పుచుందురు. వారిలో చదువనేర్చినవారును గలరు. ‘నాకు రాదు, నువ్వే కొట్టు తమ్మీ’ యను మాట యలవాటై పోయినది. సంసారమంతయు తామే యీడ్చుచు, బిడ్డల ఫీజులు, పొలము పనులు, చిట్టీలు తలలో నిలుపుకొనువారికి నాలుగంకెలు నిలువవా? మేము కరీంనగరము వచ్చిన తరువాత జగిత్యాలనుండి వచ్చిన మా పాలవాని కోడలికి ఏటీఎంలో ప్రక్కన నిలువబడి, చేయి అడ్డముపెట్టి తానే నొక్కుట నేర్పితిమి. మొదటిసారి చెమటలు పట్టెను. మూడవ మారు మమ్ము ప్రక్కకు తిరుగుమనెను.

తిరిగివచ్చిన పిదప ఆ నెల బిల్లు వచ్చినది. ప్రతి పద్దునకును యూరోలలో నెంత, రూపాయలలో నెంత, వట్టమెంత యని మేము వ్రాసియుంచుకొన్న పుస్తకముతో సరిపోల్చితిమి. ఒక హోటలువారు దిగునపుడే హామీగ పట్టియుంచిన సొమ్ము పది దినములకు విడిచిరి. తెలియనివారు రెండుమార్లు తీసిరని తగవుకు బోదురు. గడువునకు నాలుగు దినములు ముందే మొత్తము కట్టివైచి, విదేశపు మీటను మరల మూసితిమి. అత్తగారు వట్టము మొత్తమెంతయని యడిగి, చెప్పగా విని, బాపమ్మ తల్లి నాటి షరాబే నయమనిరి. మిగిలిన నాణెములు ఏడెనిమిది యుండగా, అక్టోబరులో జర్మనీకి చదువునకు పోవుచున్న మా వీథి చివరి యింటి పిల్లకు ఇచ్చితిమి. స్టేషనులో మరుగుదొడ్డి తలుపువద్ద పనికివచ్చునని చెప్పితిమి.